చెఱువుమన్ను తోలుటకు ముందు చేయవలసిన నీటి పరీక్ష

కర్నూలు, కడప సీమలలోని మెట్టపొలములకు సాలీనా లభించు వర్షము సగటున 700 మిల్లీమీటర్ల దరిదాపున మాత్రమే. ఆ కొద్దిపాటి వానయు ఒక్కమాఱుగా కురిసి వంకలపాలగుట తఱుచు. ఇట్టిచోట పైరు నిలుచుట, ఎండుట యనునది పొలములోని మన్ను ఎంత నీటిని ఎన్నాళ్లు పట్టియుంచగలదో దానిపై ఆధారపడి యుండును. ఎఱ్ఱ గరుసు నేలలు వాన వెలిసిన కొలది దినములకే బెట్టకు వచ్చును. కావుననే వేసవిలో చెఱువులు ఎండినపుడు అందలి పూడికమన్ను త్రవ్వి పొలములకు తోలుట ఈ సీమలో పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. 2015వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున నీరు-చెట్టు అను పేరను, తెలంగాణమున మిషన్ కాకతీయ అను పేరను ప్రభుత్వములు చెఱువుల పూడిక తీయించు పనులు చేపట్టగా, ఆ మన్నును ఎందఱో రైతులు తమ పొలములకు తోలుకొనిరి.

అయితే పూడికమన్ను అంతయు ఒక్క తీరున నుండదు. ఒకే చెఱువులో ఒకచోట వెన్నవంటి జిగటమన్ను, వేఱొకచోట సన్నపు ఇసుక, మఱియొకచోట చౌడు ఉండవచ్చును. ఇసుకనేలకు ఇసుకయే తోలినచో బండి కూలియు, ట్రాక్టరు బాడుగయు వ్యర్థమగును. చౌడుమన్ను తోలినచో పొలమే కొన్నియేండ్లు చెడును. ఎండిన మన్నును కంటితో చూచి, వ్రేళ్లతో నలిపి కొంతవఱకు తెలిసికొనవచ్చును గాని, సన్నపు వండలియు నిజమైన జిగటయు పొడిగా నున్నపుడు ఒక్కతీరుననే కనబడును. ఈ రెంటిని వేఱుపఱచి చూపగలది నీరు. మన్నును నీటిలో కలిపి నిలిపినచో ఏది ఎంతసేపటికి అడుగునకు దిగునో దానినిబట్టి మన్ను స్వభావము తెలియును. కాని పాత్ర, నీరు, కాలము సరిగా లేనిచో ఈ నీరే రైతును మోసగించును. రేణువుల ఆకారము, పాత్ర గోడలు ఈ దిగుటను ఏవిధముగా మార్చునో తెలిసికొన్న రైతు ఆ మోసమునకు లోబడడు.

రేణువు నీటిలో దిగు విధము

నీటిలో వేసిన మట్టిరేణువును దాని బరువు క్రిందికి లాగును. అది దిగుటకు ప్రక్కలనున్న నీటిని తొలగించుకొనవలయును. ఆ నీరు దానిని అడ్డగించును. ఈ రెండును సరితూగినంతట రేణువు ఒకే వేగముతో దిగుచుండును. రేణువు చిన్నదైన కొలది దాని బరువు మిక్కిలి త్వరగా తగ్గిపోవును. నీటి అడ్డగింపు మాత్రము అంత త్వరగా తగ్గదు. కావున సన్నపు రేణువు చాల నెమ్మదిగా దిగును.

ఈ విషయమును కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితాచార్యుడుగా నుండిన స్టోక్సు 1851వ సంవత్సరమున లెక్కగట్టి ప్రకటించెను. ఆ సూత్రము ప్రకారము గుండ్రని సన్నపు రేణువు వెడల్పు సగమైనచో వేగము నాల్గవ వంతగును. వెడల్పు పదవ వంతైనచో వేగము నూఱవ వంతగును. మన్నును పరిశీలించువారు 2 మిల్లీమీటర్ల మొదలు 0.02 మిల్లీమీటరు వఱకు గల రేణువులను ఇసుక యనియు, 0.02 మొదలు 0.002 వఱకు గలవానిని వండలి యనియు, అంతకంటె సన్ననివానిని జిగట యనియు విభజించుట కలదు. ఈ హద్దులు స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడగు అటర్‌బర్గు ఏర్పఱచినవి.

20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల నిలుకడ నీటిలో 10 సెంటీమీటర్ల లోతు దిగుటకు 0.2 మిల్లీమీటరు ఇసుకరేణువునకు నాలుగైదు సెకండ్లు చాలును. 0.02 మిల్లీమీటరు రేణువునకు ఇంచుమించు 4 నిమిషముల 45 సెకండ్లు పట్టును. 0.002 మిల్లీమీటరు రేణువునకు 8 గంటలు పట్టును. నీరు వెచ్చనైన కొలది పలుచబడును గనుక దిగుట త్వరపడును. 30 డిగ్రీల వేడిలో ఆ 4 నిమిషముల 45 సెకండ్లు సుమారు 4 నిమిషములకును, ఆ 8 గంటలు సుమారు 6 గంటలకును తగ్గును. ఈ సీమలో చలికాలపు ఉదయమునకును వేసవి మధ్యాహ్నమునకును ఉన్న భేదము పరీక్షను తప్పుదారి పట్టించుటకు చాలును.

ఆకారము చేయు మార్పు

పై లెక్క యంతయు గుండ్రని రేణువునకు మాత్రమే సరిపోవును. మన్నులోని రేణువులన్నియు గుండ్రనివి కావు. ఇసుకరేణువులు ఇంచుమించు గుండ్రముగనో, మూలలు తేలియో యుండును. జిగటరేణువులు మాత్రము పలుచని పలకలు. బేతంచెర్ల, ఎఱ్ఱగుంట్ల ప్రాంతముల నాపరాళ్లు పొరలుపొరలుగా లేచునట్లే, జిగటయు కంటికి కనబడని పొరలుగా నుండును.

ఆకారమునకు గల బలమును రైతు కళ్లమున ప్రతియేటను చూచుచునే యున్నాడు. జొన్నగాని కొర్రగాని తూర్పారబట్టునపుడు గింజ చేట క్రిందనే పడును. పొట్టు గాలితో దూరముగా పోవును. గాలియు నీటివలె ప్రవహించు పదార్థమే. పొట్టు బరువునకు దాని వెడల్పు ఎక్కువ యగుటచే గాలి దానిని ఎక్కువగా ఆపును. అట్లే ఒక గులకరాతిని, దానితో సమానమైన బరువుగల పలుచని నాపరాతి పెచ్చును ఒక్కమాఱు బావిలో వదలినచో గులకరాయి నిట్టనిలువుగా మునుగును. పెచ్చు ప్రక్కలకు ఊగుచు, తిరుగుచు, వెనుకబడి దిగును.

సన్నపు జిగటపలక ఆ విధముగా ఊగదు గాని, అదియు వెనుకబడును. వెడల్పులో 50వ వంతు మందము మాత్రమే గల పలక ఒకటి, అంతే బరువుగల గుండ్రని రేణువుతో పోల్చినచో సుమారు సగము వేగముతో మాత్రమే దిగును. అది పూర్తిగా వెల్లకిలగా దిగినచో వేగము మూడవ వంతునకు సమీపించును. వాలుగా నున్న పలక నిట్టనిలువుగా దిగక ప్రక్కకు కూడ జరుగును. కావున నీటి పరీక్షలో సన్నపు జిగట యని తేలినదంతయు నిజముగా అంత సన్ననిది కాకపోవచ్చును. పలుచనిది యగుటచేత ఆలసించి దిగినదియు అందులో చేరి యుండును. నీరు చూపునది రేణువు అసలు వెడల్పు గాదు. అదే వేగముతో దిగు గుండ్రని రేణువు వెడల్పు మాత్రమే.

దీనివలన రైతునకు నష్టము లేదు, పైగా మేలే. నీటిని పట్టియుంచు గుణము బరువునుబట్టి గాక పైభాగపు వైశాల్యమునుబట్టి వచ్చును. పలుచని పలకకు బరువు తక్కువ, వైశాల్యము ఎక్కువ. నల్లరేగడిలో విశేషముగా నుండు మాంట్‌మొరిల్లొనైటు అను జిగటపదార్థము మిక్కిలి పలుచని పలకలుగా నుండి, పొరల నడుమకు నీటిని పీల్చి ఉబ్బును. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల రేగడి తడిసిన ఉబ్బుటకును, ఎండిన నెఱ్ఱెలు విచ్చుటకును ఇదియే కారణము. ఎఱ్ఱనేలలలో తఱుచుగా నుండు కెయొలినైటు పలకలు అంతకంటె మందమైనవి. అవి అంతగా ఉబ్బవు. నీటిలో దిగుటకు ఆలసించు మన్నే పొలములో తేమను విడుచుటకును ఆలసించునని స్థూలముగా చెప్పవచ్చును.

పాత్ర గోడలు చేయు మార్పు

దిగుచున్న రేణువు తన క్రింది నీటిని త్రోయగా ఆ నీరు ప్రక్కలనుండి మీదికి రావలయును. పాత్ర విశాలముగా నున్నచో ఆ నీటికి దారి గలదు. గోడ దగ్గఱనున్నచో, గోడను అంటియున్న నీరు కదలదు గనుక, నడుమనున్న ఇఱుకు సందులోనే నీరు రావలసి వచ్చి రేణువును ఎక్కువగా అడ్డగించును.

దీనిని ఆముదముతో ఎవరైనను చూడవచ్చును. సైకిలు చక్రములోని చిన్న ఉక్కుగుండు నొకదానిని విశాలమైన గాజుపాత్రలోని ఆముదమున వదలి, అది దిగు కాలమును గుర్తింపవలయును. పిమ్మట గుండు వెడల్పునకు పదింతలు మాత్రమే వెడల్పుగల గొట్టములో అంతే లోతు ఆముదము పోసి వదలినచో వేగము సుమారు ఐదవ వంతు తగ్గును. గొట్టము గుండు వెడల్పునకు రెండింతలు మాత్రమే యున్నచో అది దిగుటకు ఇంచుమించు ఆఱింతల కాలము పట్టును. గొట్టము నూఱింతలున్నచో మాత్రము తగ్గుదల ఏబదింట ఒక వంతే. దానిని లెక్కింప బనిలేదు. ఈ ప్రమాణములు ఆముదమునందువలె నెమ్మదిగా దిగు వస్తువులకు వర్తించును.

జిగటరేణువు వెడల్పుతో పోల్చినచో సామాన్యపు గాజుజాడీ వెడల్పు పదుల వేలింతలు. కావున ఈ మొదటి విధమైన అడ్డంకి జిగటకు కలుగదు. కాని గోడలవలన కలుగు తక్కిన మూడు చిక్కులు రైతు పరీక్షను నిజముగా చెఱచును.

మొదటిది, పాత్ర ఒఱగుట. 1920వ సంవత్సరమున బాయికాటు అను ఆంగ్ల వైద్యుడు నిలువు గొట్టములలోకంటె ఒఱగియున్న గొట్టములలో రక్తకణములు త్వరగా దిగుటను కనిపెట్టి ప్రకటించెను. మన్ను విషయమునను ఇదే జరుగును. పాత్ర ఒఱగినపుడు రేణువు అడుగు వఱకు దిగనక్కఱలేదు. కొద్దిదూరముననున్న క్రిందిగోడను తాకినచో చాలును. అచ్చటినుండి మన్ను గోడవెంబడి జాఱును. మీదిగోడ క్రింద తేటనీరు పైకి పాఱును. మంచినీటి కార్ఖానాలలో వాలుపలకలను వరుసగా నిలిపి బురదను త్వరగా దింపుటకు ఈ గుణమునే వాడుదురు. కాని పరీక్షలో ఇది దోషము. ఒఱగిన జాడీలోని మన్ను ముందుగా తేరుకొని, జిగట తక్కువయని తప్పుగా తోపజేయును.

రెండవది, గోడకు ఎండ తగులుట. ఒకప్రక్క ఎండ తగిలిన గోడనంటిన నీరు వెచ్చనై పైకి లేచును. చల్లని ప్రక్క నీరు క్రిందికి దిగును. ఈ సుడి మిక్కిలి మెల్లనిదైనను, గంటకు రెండు సెంటీమీటర్లయినను దిగని జిగటను మరల పైకి లేపుటకు అది చాలును.

మూడవది, గోడకు అంటుకొనుట. ఇఱుకు సీసాలో దిగిన మెత్తని మన్ను ఇరుప్రక్కల గోడలను పట్టుకొని వంతెనవలె నిలిచి, క్రింద ఖాళీ యుంచి, మట్టము ఎక్కువగా కనబఱచును. మందులసీసాలు, మెడ ఇఱుకైన సీసాలు ఈ పనికి పనికిరావు.

కిక్కిఱిసిన నీరు

గోడ దూరముగా నున్నను రేణువులే ఒకదానికొకటి గోడలగును. నీటిలో మన్ను ఎక్కువైనచో ప్రతి రేణువు దిగునపుడు పైకి వచ్చు నీరు ప్రక్క రేణువులను ఎదిరించును. గట్టి రేణువుల ఘనపరిమాణము నూటికి 2 వంతులున్నచో వేగము నూటికి 9 వంతులు తగ్గును. 5 వంతులున్నచో ఐదవ వంతు తగ్గును. 10 వంతులున్నచో ఐదింట మూడు వంతులే మిగులును. సీసాలో మూడవ వంతు మన్ను నింపి, మిగిలినది నీరు పోసి ఊపుట పలుచోట్ల వాడుక. అట్టి సీసాలో వేగము సగముకంటె తక్కువయగును. పైగా ఇసుక దిగుచు జిగటను తనతోకూడ ఈడ్చుకొనిపోవును. అందుచే లీటరు నీటికి 50 గ్రాములకు, అనగా సుమారు నాలుగుంబావు తులములకు, మించి మన్ను వేయరాదు.

చెఱువును ఒక పాత్రయే

చెఱువులో జరుగునదియు జాడీలో జరుగు పనియే. వంకనీరు వేగముతో వచ్చునంతవఱకు ఇసుకను కూడ మోసికొనివచ్చును. చెఱువులో విశాలముగా పరచుకొనగానే వేగము తగ్గును. ఇసుక వంక నోటియొద్దనే దిగిపోవును. వండలి నడుమ దిగును. పలకలవంటి జిగట నీటితోకూడ కట్టదిక్కునకు, తూము ముందరి లోతునకు చేరి, నీరు నిలుకడగా నున్న దినములలో నెమ్మదిగా దిగును. కావున సామాన్యముగా వంకనోటి మన్ను పొలమునకు పనికిరాదు. లోతట్టు మన్ను మేలైనది. అయినను పెద్ద వఱద వచ్చిన యేట ఇసుక లోపలికిని పోవును. అందుచే ఒక్కచోట చూచి చెఱువంతయు అట్లే యని తలపరాదు. మూరెడు లోతునకు మన్ను మాఱుటయు కలదు.

పెద్ద జలాశయములును ఈ నియమమునకు లోబడినవే. 1953వ సంవత్సరమున నీరు నిలుపబడిన తుంగభద్ర జలాశయము మొదట సుమారు 133 టి.ఎం.సీ.లు పట్టునది. ఒక టి.ఎం.సీ. యనగా నూఱు కోట్ల ఘనపుటడుగులు. పూడికవలన అది 2016వ సంవత్సరపు కొలతలో 106 టి.ఎం.సీ.ల లోపునకు తగ్గెను. ఆ నదినుండియే సుంకేసుల ఆనకట్టద్వారా కర్నూలు–కడప కాలువకు నీరు పాఱును. చిన్న చెఱువునకు గాని పెద్ద జలాశయమునకు గాని శత్రువు ఒక్కటే. ఎఱిగి వాడుకొన్నచో ఆ శత్రువే పొలమునకు మిత్రము.

ఈ సీమ పూర్వులు చెఱువు గుణదోషములను శ్రద్ధతో విచారించిరి. కడప సీమలోని పోరుమామిళ్ల చెఱువును గూర్చిన 1369వ సంవత్సరపు శాసనమునుబట్టి, దానిని విజయనగర రాజగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించెను. రెండేండ్లపాటు వేయిమంది కూలీలును, నూఱు బండ్లును పనిచేసినట్లు అందు గలదు. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఆఱు దోషములను ఆ శాసనము పేర్కొనును. కట్టనుండి నీరు ఊరుట, చౌటినేల, చెఱువు నడుమ మిట్ట యనునవి ఆ దోషములలోనివి. మన్ను త్రవ్వువారు ఇందు మొదటి దోషమును మరవరాదు. కట్ట పాదమునొద్ద, తూము ప్రక్కను త్రవ్వరాదు. చెఱువు అడుగున జిగట నంతటిని తీసి ఇసుకపొరను బయటపెట్టినచో నీరు క్రిందికి ఇంకిపోవును, కట్టయు బలహీనపడును.

పరీక్ష చేయు విధము

1. చెఱువులో త్రవ్వదలచిన భాగమున ఐదాఱు చోట్ల, మూరెడు లోతువఱకు మన్ను తీసి కలుపవలయును. తోలదలచిన పొలమునుండియు అట్లే వేఱుగా తీయవలయును. పొలము మన్నును పరీక్షింపక చెఱువుమన్నును మాత్రము పరీక్షించుట సగము పని.

2. రెంటిని నీడలో ఆరబెట్టి, కఱ్ఱతో మెల్లగా చిదిపి, వేళ్లను, గులకలను జల్లించి, ఒక్కొక్కదానినుండి 50 గ్రాములు తూచవలయును. రాతితో నూఱినచో ఇసుకయే పొడియగును, అట్లు చేయరాదు.

3. ఒక్కొక్కదానిని వానినీటిలో చిటికెడు చాకలిసోడా వేసి రాత్రియంతయు నానబెట్టి, మఱునాడు చేతితో బాగుగా పిసుకవలయును. సోడా జిగటపలకలను ఒకదానినుండి ఒకటి విడదీయును. విడిపోని జిగట ఉండలై ఇసుకవలె దిగి మోసగించును. ఉప్పుబావి నీరు వాడరాదు.

4. గోడలు నిటారుగా నుండి, సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పుగల గాజుజాడీలు ఒకే తీరువి రెండు తీసికొని, మన్ను పోసి, 13 సెంటీమీటర్ల ఎత్తువఱకు వానినీరు నింపవలయును. ఇది సుమారు ఒక లీటరగును. నీటిమట్టమునకు 10 సెంటీమీటర్లు దిగువను జాడీపై గీత పెట్టవలయును.

5. కఱ్ఱతో అడుగునుండి బాగుగా కలిపి, నీరు సుడి తిరుగకుండ ఆపి, జాడీని చదునైన బల్లపై నీడలో నిలుపవలయును. వేసవిలో 4 నిమిషములు, చలికాలమున ఇంచుమించు 5 నిమిషములు కదపక వేచియుండవలయును.

6. వెంటనే సన్నపు రబ్బరు గొట్టముతో గీతవఱకు గల బురదనీటిని మెల్లగా లాగివేయవలయును. జాడీని వంచి పోయరాదు. వంచినచో దిగిన వండలి లేచును.

7. మరల గుర్తువఱకు నీరు నింపి, కలిపి, అంతే కాలము నిలిపి లాగివేయవలయును. పైనీరు తేటగా వచ్చువఱకు ఇట్లు చేసినచో అడుగున మిగులునది ఇసుక. దానిని ఆరబెట్టి తూచవలయును.

8. జిగటను వేఱుగా తెలియగోరువారు క్రొత్తగా 50 గ్రాముల మన్ను తీసికొని ఇదే విధముగా చేసి, 4 నిమిషములకు బదులు వేసవిలో 6 గంటలు, చలికాలమున 8 గంటలు నిలుపవలయును. దీనికి రెండు మూడు దినములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువయు పట్టును. చివరకు మిగులునది ఇసుకయు వండలియు, పోయినది జిగట.

ఫలితమును చదువు విధము

ఇసుక బరువును రెండింతలు చేసినచో నూటికి ఎన్ని వంతులో తెలియును. ఉదాహరణమునకు పొలము మన్నున 40 గ్రాములును, చెఱువుమన్నున 15 గ్రాములును ఇసుక మిగిలినచో అవి నూటికి 80, నూటికి 30 వంతులగును. అట్టి చెఱువుమన్ను ఆ పొలమునకు తగినది. చెఱువుమన్నున కూడ 36 గ్రాములు మిగిలినచో దానిని తోలుట బాడుగ దండుగ.

ఆకారమువలన కలుగు తేడాను ఇంటియందు లెక్కగట్టుట సాధ్యము గాదు. కాని ఒకే జాడీ, ఒకే నీరు, ఒకే కాలము, ఒకే వేడి రెంటికి నుంచినచో పాత్రవలనను, నీటివలనను కలుగు తప్పు రెండుప్రక్కలను సమానముగా నుండును. అప్పుడు పోలిక నమ్మదగినది. ఒక సంఖ్యను విడిగా చూచుటకంటె రెంటిని ప్రక్కప్రక్కన చూచుటయే ఈ పరీక్షకు ప్రాణము.

జిగట ఎంత ఎక్కువైన అంత మేలనియు తలపరాదు. వేరుశనగ వేయు పొలమున జిగట మితిమీఱినచో నేల బిగిసి, కాయలు పెఱుకునపుడు తెగి భూమిలోనే నిలిచిపోవును. రేగడి పొలమునకు రేగడి పూడికను తోలుటవలన నీటిపట్టు విషయమున ప్రయోజనము స్వల్పము.

చౌడును గుర్తించుట

ఈ పరీక్షకు సోడా వేయరాదు. ఎండిన చెఱువుమన్ను నుండి శనగగింజంత ఉండను తీసి, తేట వానినీరు గల పళ్లెములో మెల్లగా వదలి, కదపక చూడవలయును. ఉండ విచ్చిపోయినను చుట్టునున్న నీరు తేటగా నున్నచో భయము లేదు. కొన్ని గంటలలో ఉండ చుట్టు పాలవంటి మబ్బు క్రమ్మి, అది పళ్లెమంతట వ్యాపించినచో ఆ మన్నున క్షారచౌడు గలదని అనుమానింపవలయును.

కారణమిది. జిగటపలకలపై విద్యుత్తు గలదు. దానిచే అవి ఒకదానినొకటి త్రోసికొనును. సున్నపుధాతువగు కాల్షియము పలకలను దగ్గఱకు చేర్చి ఉండలుగా కట్టును; ఉండలు త్వరగా దిగును. చౌడులోని సోడియము అట్లు చేయదు. పలకలు విడివిడిగా నిలిచి నీటిని ఎన్నాళ్లయినను మురికిగనే ఉంచును. అవియే పొలములో మన్ను సందులను పూడ్చి, వాననీరు ఇంకకుండ చేసి, పైన పెచ్చు కట్టించును. బురదనీటిలో పటిక వేసినను, చిల్లగింజను అరగదీసి కలిపినను నీరు తేరుకొనుట అందఱెఱిగినదే. అచ్చటను పలకలు కూడి ఉండలగుటచేతనే దిగుచున్నవి. క్షారచౌడునకు జిప్సము వేయుటయు కాల్షియము నిచ్చి పలకలను కూర్చుటకే.

ఉప్పుచౌడు ఈ పరీక్షలో బయటపడకపోవచ్చును. ఉప్పు ఎక్కువగా నున్న మన్నులో నీరు తేటగనే యుండును. చెఱువు ఎండినపుడు పైన తెల్లని పొర కనబడినచోట తేటనీటిని నమ్మక, ఆ మన్నును వ్యవసాయశాఖవారి భూసార పరీక్షా కేంద్రమునకు పంపి నిశ్చయించుకొనుట యుక్తము.

గుర్తుంచుకొనవలసిన సంగతులు

వెడల్పైన నిటారు జాడీ, లీటరు నీటికి 50 గ్రాములకు మించని మన్ను, వానినీరు, ఒఱగని బల్ల, ఎండ తగులని చోటు, కాలమునకు తగిన నిమిషముల లెక్క. ఈ ఆఱింటిలో ఏది తప్పినను ఇసుక జిగటగను, జిగట ఇసుకగను కనబడవచ్చును. పొలముమన్ను, చెఱువుమన్ను రెంటిని ఒకే తీరున పరీక్షించి, చౌడు లేదని తెలిసికొని, పిమ్మటనే బండ్లు కట్టవలయును. పరీక్షకగు ఖర్చు రెండు జాడీలు, రెండు మూడు దినముల ఓపిక మాత్రమే. తోలిన తరువాత ఇసుకను గాని చౌడును గాని పొలమునుండి తిరిగి ఎత్తిపోయుట మాత్రము ఎవరి తరమును గాదు.